కుర్చీలు ఖాళీగా ఉన్న రోజు

కోవూరు
ఫిబ్రవరి రెండో వారం

ఏమే షారనూ,

బాగుండావా? క్రిస్మస్‌కి నువ్వు పంపిన కేకు తినేసి, బాగుందని కూడా చెప్పకుండా ఇన్నాళ్ళు గమ్మునున్నందుకు ఏమీ అనుకోబాక. తిట్టాలంటే తిట్టు, కానీ ఇది చదివినాక తిట్టు. ఫోన్ చేద్దామంటే నేను చేసినప్పుడు నీ బేకరీలో జనం, నువ్వు చేసినప్పుడు మా టెంటు హౌసులో జనం. "ఉండు, మళ్ళీ చేస్తా" అని పెట్టేసేది, మళ్ళీ చెయ్యంది. అందుకే బిట్రగుంట రైల్వే కాలనీలో చిన్నప్పుడు గోడ మీద నుంచి చీటీలు విసురుకున్నట్టు ఇట్టా ఫోన్లో టైపు చేస్తన్నా. తప్పులుంటే అవి నా వేలివి, నావి కావు.

దీపావళికి నన్ను మన చిల్లర వర్తకుల సంఘానికి సెక్రటరీని చేసినారని నీకు తెలుసు. ఆ తర్వాత నేనేం చేసినానో నీకు తెలీదు, ఎందుకంటే నువ్వు మీటింగులకే రావు కదా! చెప్తా విను. ఇంతకు ముందు మీటింగంటే ఎవరిదో హాలు, ఎవరివో కుర్చీలు, అద్దె కట్టలేక అర్ధ గంటలో లేచిపోయేవాళ్ళు. ఇప్పుడు మా టెంటు హౌసు ఆవరణలోనే, మా కుర్చీలే, అంతా ఉచితం. ఏ రోజు కుర్చీలకి పార్టీ లేదో చూస్తా, ఆ రోజు మీటింగు పెట్టేస్తా. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక కుర్చీలన్నీ కప్పు దాకా పేర్చి ఉండాయి. ఆదివారం పొద్దున పదింటికైతే బజారు సగం మూసే ఉంటది, అందుకే ఆ టైమే పెట్టినా. ప్రెసిడెంటు హజరత్తయ్య అన్న "ఇన్నేళ్ళకి ఒక బుద్ధున్న సెక్రటరీ దొరికింది" అన్నాడు తెలుసా, అందరి ముందర!

సరే, ఇక నీ సంగతి. డిసెంబరు మీటింగుకి రాలా. మొన్న ఫిబ్రవరి మీటింగుకీ రాలా. వరసగా మూడు రాకపోతే సంఘంలో పేరు తీసేస్తారు, అది నేను పెట్టిన రూలు కాదు, పాతదే. కొడవలూరు హైవే పక్కన సంఘం కట్టించిన కొత్త కొట్లు ఏప్రిల్లో చీటీలేసి పంచతారు. పేరున్న వాళ్ళకే చీటీ, అదీ ఎవరి చీటీ వాళ్ళ చేత్తోనే తియ్యాల. నువ్వు నా పరువు తియ్యబాకమ్మే, ఈసారి రా.

సుప్రియ

*

బిట్రగుంట
ఫిబ్రవరి ఆఖరు

సుప్రియా,

నీ చీటీ గోడ దాటి వచ్చింది. చదివి నవ్వుకున్నా. సెక్రటరీ గారికి అభినందనలు, ఆలస్యంగా.

కేకు బాగుందన్నావు, సంతోషం. కొత్త ఓవెన్ పెట్టినాక అడుగు మాడటం తగ్గింది. అయితే ఆ ఓవెన్ని ఎక్కడికి మోసుకుపోవాలో తెలీడం లేదు. బేకరీ ఉన్న బిల్డింగు ఓనరు అమ్మేశాడు. ఎండాకాలం లోపల ఖాళీ చెయ్యమన్నాడు. అమ్మ పెట్టిన కొట్టు ఇది, "ఏంజెలిన్ బేకరీ" అన్న బోర్డు కూడా అమ్మ రాయించిందే. కొత్త కొట్టు వస్తే ఆ బోర్డు కొడవలూరు పోతుంది. రాకపోతే మంచం కిందకి పోతుంది. నాకు ఇంకో దారి లేదు.

మీటింగులకి రాకపోవడం... పనులుండినాయిలే. ఆదివారం పొద్దున నాకు కుదరదు. తర్వాతది ఏ రోజు పెడుతున్నావు? ముందుగా చెప్పు.

షారన్

*

కోవూరు
మార్చి నడిమధ్య

షారనూ!

కుదిరింది! రోజు కుదిరింది! నిన్ననే కమిటీలో ఖాయం చేసినా. నీ బేకరీ సంగతి చదివి నాకు రెండ్రోజులు అన్నం సయించలా. ఇంత పెద్ద విషయం ఒక్క వాక్యంలో చెప్తావా మొద్దుదానా? అందుకే ఈసారి నువ్వు తప్పకుండా రాగలిగే రోజు చూసినా. ఆదివారం కుదరదన్నావు కదా, శుక్రవారం పెట్టినా. ఏప్రిల్ మూడు. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలు, చీటీలు తీసి, భోజనాలు చేసి, మూడింటికి ఇంటికి. క్యాలెండర్లో ఎర్రగా ఉంది, గవర్నమెంటు సెలవు, బ్యాంకులుండవు, స్కూళ్ళుండవు. నా కుర్చీలు ఒక్కటి కూడా బుక్ కాలా. ఇంకేం సాకు చెప్తావో చెప్పు చూద్దాం! ఇంకో మాట, హ్యాపీ గుడ్ ఫ్రైడే, ముందుగానే చెప్తన్నా!

భోజనాలు మస్తాన్ భాయ్ బిర్యానీ. ఆయన గూడా ఈ మధ్య ఎందుకో ముఖం మాడ్చుకోని ఉండాడు. నిన్న కమిటీ సాయంత్రం ఆరింటికి పెడితే, వేడి వేడి బజ్జీలు ముందర పెట్టినా ముట్టలా. కాసేపటికి మాట మధ్యలోనే లేచి పోయినాడు. రోజా ఉండాడని తర్వాత గుర్తొచ్చింది. అయినా ఆ మాట నోరు తెరిచి చెప్పొచ్చు కదా! మీరందరూ మనసులో పెట్టుకోని తిరిగితే సెక్రటరీకి కలొస్తదా?

ఏప్రిల్ మూడు. ఇది మూడోది, గుర్తుంచుకో. రాకపోతే నీ పేరు నా చేత్తో నేనే కొట్టెయ్యాల. ఆ పని నాకు పెట్టబాక.

సుప్రియ

*

బిట్రగుంట
మార్చి మూడో వారం

గౌరవనీయులైన సంఘం కార్యదర్శి గారికి,

బిట్రగుంట ఏంజెలిన్ బేకరీ యజమానురాలు షారన్ నమస్కరించి వ్రాయునది. ఏప్రిల్ 3వ తేదీన మీరు జరుపు సర్వసభ్య సమావేశమునకు నేను హాజరు కాలేనని తెలియజేసుకుంటున్నాను. సంఘము నియమము ప్రకారము మీరు ఏ చర్య తీసుకున్నా నాకు అభ్యంతరము లేదు.

ఇంతవరకూ సెక్రటరీకి. ఇక్కడి నుంచి సుప్రియకి.

గుడ్ ఫ్రైడే హ్యాపీ కాదే పిచ్చిదానా. అది ఆయన సిలువ మీద చనిపోయిన రోజు. పన్నెండు నుంచి మూడింటి దాకా మేం చర్చిలో ఉంటాం, తెల్ల చీరల్లో, ఉపవాసంతో. సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటలు ఒక్కొక్కరు లేచి చెప్తారు. నీకు తెలుసు. మూడో తరగతిలో మా అమ్మ పక్కన కూర్చోని విన్నావు, మూడో మాటకే నిద్రపోయి నా ఒళ్ళో పడ్డావు. మా అమ్మది ఐదో మాట. "దప్పిగొనుచున్నాను." అమ్మ పోయినాక పాస్టరు గారు ఈ సంవత్సరం ఆ మాట నాకిచ్చారు. ఆ గంటలో నేను బిర్యానీ ముందర కూర్చోని కొట్టు కోసం చీటీ తియ్యలేను. కొట్టు పోయినా సరే తియ్యలేను.

ఆదివారం పదింటికి నేనెక్కడుంటానో నీకు తెలీదా? చిన్నప్పుడు ఆదివారం ఆడుకోవడానికి పిలిచి, "చర్చి అయినాక వస్తది" అని మా అమ్మతో చెప్పించుకున్నది నువ్వే కదా. నేనే చెప్పి ఉండొచ్చు. కానీ ప్రతిసారీ చెయ్యెత్తి "నా కోసం మార్చండి" అని అడిగే మనిషిగా ఉండటం నాకిష్టం లేదు. ఒకసారి అడిగితే మర్యాద, మూడోసారి అడిగితే "వీళ్ళతో ఎప్పుడూ ఇంతే" అంటారు.

ఇంకొకటి చెప్తా, కోపం తెచ్చుకోబాక. నీ కుర్చీలు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో ఎప్పుడన్నా ఆలోచించావా? ఈస్టరుకి ముందు శ్రమల దినాల్లో మేం పెళ్ళి చెయ్యం. రంజాన్ నెలలో వాళ్ళు చెయ్యరు. మీకు మూఢంలో ముహూర్తాలు లేవు. ఊరంతా ఉపవాసాల్లో ఉంటే నీ కుర్చీలకి పని ఉండదు. నువ్వేమో ఆ రోజులు ఏరి ఏరి మీటింగులు పెడుతున్నావు. నీ కుర్చీలు ఖాళీ అంటే మా మోకాళ్ళకి పని అని.

షారన్

*

కోవూరు
మరునాడే

షారనూ,

నీ జాబు మా ఆవరణలో కుర్చీల దొంతుల మధ్య నిలబడి చదివినా. చదివి ఆ కుర్చీల వంక చూస్తే ఒక్కొక్కటీ నన్ను ఎగతాళి చేస్తన్నట్టు ఉండింది. ఎంత తెలివైనదాన్ని అనుకున్నానే! ఏడుద్దామనుకున్నా, ఇంతలో వంట గుండిగలు కావాలని పార్టీ వచ్చినారు. గుండిగలు ఇచ్చి పంపించి, తలుపేసి, నేరుగా హజరత్తయ్య అన్న సైకిల్ షాపుకి పోయినా.

నీ పేరెత్తలా. ఏప్రిల్ మూడు మార్చాల అన్నా. అక్కడే బియ్యం కొట్టు కామాక్షయ్య గారు కూర్చోని ఉండాడు. ఇంక మొదలుపెట్టినాడు. "ఏందమ్మా సెక్రటరీ, ఆదివారం చర్చి, శుక్రవారం నమాజు, శనివారం మావోళ్ళు ఒక్క పొద్దు, మంగళవారం మంచి పని పెట్టం, అమావాస్య అసలే వద్దు. ఇంక ఎనిమిదో వారం ఏదన్నా కనిపెట్టు, ఆ రోజు పెట్టుకుందాం!"

నేను ఊరుకుంటానా? "మామా, మీ బియ్యం కొట్టుకి ఒకే సైజు గోతం ఉండాదా? పది కిలోలు, పాతిక కిలోలు పెట్టుకోలా? మనుషులకి మాత్రం ఒకే కొలతా?" అన్నా.

హజరత్తయ్య అన్న ట్యూబుకి గాలి కొడతా నవ్వినాడు. "నన్నడగబాకండి. మా అమ్మ దర్గాలో మొక్కుకుంటే పుట్టినా, అందుకే ఈ పేరు. తిరునాళ్ళకి గుడికి పోతా, రొట్టెల పండక్కి దర్గాకి పోతా. నాకు అన్ని రోజులూ పండగే, ఏ రోజు పిలిచినా ఇంట్లో తిట్లే" అన్నాడు. నవ్వి నవ్వి, "కమిటీలో పెట్టు. ఊరికే వద్దనబాక, దారి చూపించు" అన్నాడు.

దారి ఇంటికి వచ్చే లోపల తోచింది. మా వ్యాపారంలో ఒకరు ముందుగా ఒక రోజు బుక్ చేసుకుంటే ఆ రోజు ఇంకొకరికి ఇవ్వం కదా. పెళ్ళా, పెద్దకర్మా అని గూడా నిలదీయం. తేదీ చెప్తే రాసుకుంటాం, అంతే. అట్టానే సంఘంలో ప్రతి ఒక్కరూ తమకి కుదరని రోజులు ముందుగా బుక్ చేసుకోవాల. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఎవరూ బుక్ చెయ్యని రోజు మీటింగు. మా కొట్టు ముందర పెద్ద బోర్డు పెడతా. పెయింటరుకి చెప్పేసినా. నువ్వు చెయ్యెత్తి అడిగే పనే ఉండదు. ఎట్టుంది? త్వరగా చెప్పు, రేపటికి నా ధైర్యం పోతది.

సుప్రియ

*

బిట్రగుంట
మార్చి నాలుగో వారం

సుప్రియా,

ఎనిమిదో వారం! కామాక్షయ్య గారి మీద కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. నీ బోర్డు మాట చదివి రెండు ట్రేల బన్నులు మాడ్చుకున్నా. అంటే బాగుందని అర్థం.

పెయింటరుని మాత్రం వెనక్కి పంపించెయ్. పెయింటు వద్దు, సుద్దముక్క చాలు. రంజాన్ పండగ నెలవంక కనపడితే కానీ తేలదు, ఇటో రోజు అటో రోజు వదిలిపెట్టాలి. మా ఈస్టరు ఏటా మారుతుంది. ఎండు చేపలమ్మే చెంచమ్మక్క ఉంది కదా, వాళ్ళ పల్లెలో గంగమ్మ తిరునాళ్ళ ఏ క్యాలెండర్లోనూ ఉండదు, పెద్దలు కూర్చోని అప్పటికప్పుడు చెప్తారు. ఆమెకి రాయడం రాదని అడక్కుండా వదిలెయ్యబాక, నువ్వే పోయి అడుగు. కోతల రోజులు, పిల్లల పరీక్షలు గూడా రాసుకోనివ్వు. దేవుడి పనికే సెలవు, పొలం పనికి లేదంటే అది గూడా న్యాయం కాదు.

నావి రాసుకో: ఆదివారం మధ్యాహ్నం దాకా. గుడ్ ఫ్రైడే. క్రిస్మస్ ముందు రోజు, క్రిస్మస్. అంతే. దసరాకి మా కొట్టు తెరిచే ఉంటుంది, మీ పిల్లలకి కేకులు కావాలి కదా.

కమిటీ ఒప్పుకోకపోతే దిగులు పడబాక. మంచం కింద చోటు ఊడ్చి పెట్టుకున్నాలే.

షారన్

*

కోవూరు
మార్చి ముగిసే లోపల

మంచం కింద ఏదన్నా సామాను పెట్టుకో, బోర్డు కొడవలూరు పోతాంది!

షారనూ, నువ్వు ఉండి చూడాల్సింది. మన సుద్ద బోర్డు నిలబెట్టిన రోజు ఒక్కడు రాలా. దిష్టిబొమ్మ లాగా అది, దాని పక్కన నేను. రెండో రోజు మస్తాన్ భాయ్ వచ్చి, సుద్దముక్క తీసుకోని, శుక్రవారం మధ్యాహ్నాలు, రంజాన్ సాయంత్రాలు రాసి, "బజ్జీలు బాగుండినాయమ్మా, వాసన మాత్రమే చూసినా" అన్నాడు. సిగ్గుతో చచ్చినా, నవ్వుతో బతికినా. మర్నాడు పల్లెకి పోయి చెంచమ్మక్కని అడిగినా. "నన్ను రోజడిగినోళ్ళు ఇంతవరకు లేరు బిడ్డా" అని నాకు చేపల పులుసు పెట్టి పంపించింది. ఆ తర్వాత లైన్లు కట్టినారు!

కమిటీలో కామాక్షయ్య గారు లేచినాడు. అయిపోయిందిరా అనుకున్నా. ఆయన బోర్డు దగ్గరికి పోయి, భాద్రపదం బహుళంలో ఒక తిథి రాసినాడు. ఎందుకని ఎవరూ అడగకూడదు కదా, ఎవరూ అడగలా. ఆయనే చెప్పినాడు. "మా అమ్మ తద్దినం. పోయినేడు ఆ రోజే మీటింగు పెట్టినారు. అయ్యవారు ఇంట్లో కాచుకోని ఉంటే నేను ఈడ టీ తాగతా కూర్చున్నా. చెప్తే ఏమనుకుంటారో అని చెప్పలా." కుర్చీలో కూర్చోని, "ఎనిమిదో వారం అక్కర్లేదులే" అన్నాడు.

అందరూ చేతులెత్తినారు. బుక్ చేసుకున్న రోజుల్లో పెట్టిన మీటింగుకి రాకపోతే అది రానట్టు లెక్క కాదు. పాత మీటింగులకి గూడా ఇదే. నీ పేరు మీద ఎవరి చెయ్యీ పడదు. ఏప్రిల్ ఎనిమిది, బుధవారం, మధ్యాహ్నం. బోర్డు మీద ఆ ఒక్క గడిలో సుద్ద గీత లేదు. నువ్వు శుక్రవారం ఐదో మాట చెప్పుకో, నేను గూడా వద్దామనుకుంటన్నా. ఈసారి నిద్రపోను. కాదులే, ఆ రోజు పార్టీ దగ్గర నుంచి సామాను తెచ్చుకోవాల. బుధవారం ఎట్టాగూ కలుస్తాం కదా, ఎన్నాళ్ళయిందో నీ మొహం చూసి!

సుప్రియ

*

బిట్రగుంట
ఏప్రిల్ 9

సుప్రియా,

నీకేం చెప్పాలి, నవ్వాలా కొట్టాలా? సంఘంలో ప్రతి మనిషి రోజూ బోర్డెక్కింది, బోర్డు పెట్టిన మనిషిది తప్ప. మైపాడు రోడ్డులో గురువారం పెళ్ళికి నీ కుర్చీలన్నీ ఆ బుధవారమే పోవాలని, వాటి వెనకాల నువ్వు గూడా పోవాలని నీకు గుర్తు లేదా? నేను బస్సు దిగి మీ ఆవరణలోకి వస్తే సెక్రటరీ లేదు, కుర్చీలు లేవు. గేటుకి "మీటింగు జరుగును, నేను ఉండను, నా కోసం ఆగవద్దు" అని నీ అక్షరాలు.

అందుకని ఏం జరిగిందో నేను చెప్తా, వినుకో.

నువ్వు తప్ప అందరూ వచ్చారు. హజరత్తయ్య అన్న పేర్లు పిలుస్తా పిలుస్తా ఆఖరికి వచ్చి, నమ్మలేక మళ్ళీ మొదట్నుంచి పిలిచాడు. లేననే వాళ్ళు లేరు. సంఘం పుట్టినాక ఇట్టా ఎప్పుడూ జరగలేదంట. కూర్చోడానికి ఏమీ లేవు కదా. కామాక్షయ్య గారు తన కొట్లోంచి బియ్యం మూటలు వేయించాడు, మస్తాన్ భాయ్ గుండిగలు బోర్లించాడు, చెంచమ్మక్క చేపల గంప తిరగేసి, "కూర్చో బిడ్డా, కడిగిందేలే" అని నన్ను లాక్కుంది. టెంటు హౌసులో మీటింగు, ఒక్క కుర్చీ లేదు. ఇంత బాగా ఎప్పుడూ కూర్చోలేదు నేను.

నా వంతు వచ్చింది. నా చేత్తోనే తీశాను. హైవే వైపు, బస్సులాగే చోటికి ఎదురుగ్గా ఉన్న కొట్టు! చెంచమ్మక్క ముందే తీసింది, ఆమెది నా పక్కదే. "నీ కేకులకి నా చేపల వాసనొస్తదేమో బిడ్డా, కావాలంటే నేను ఎవరితోనన్నా మార్చుకుంటా" అంది. మార్చుకోవద్దన్నా. కొట్టే లేకుండా పోతుందని ఇన్నాళ్ళు భయపడినదాన్ని, ఆ వాసన నాకు అత్తరే.

ఇంకో మాట. శుక్రవారం ఐదో మాట చెప్పడానికి లేచి, రాసుకున్న కాగితం రెండుసార్లు మడిచి విప్పాను. ఎదురుగ్గా చూస్తే ఆఖరి బెంచీలో తెల్ల చీర కట్టుకోని, సామాను పార్టీకే వదిలేసి వచ్చి కూర్చున్న ఒక మనిషి. అప్పుడు మాట వచ్చింది. ఆ మనిషి ఏడో మాట దాకా నిద్రపోలేదు. నేను బయటికి వచ్చే లోపల మాత్రం రైలందుకోని పోయింది. ఆమెకి నా థాంక్స్ చెప్పు.

షారన్

*

కోవూరు
ఏప్రిల్ రెండో వారం

షారనూ,

ఆమెకి చెప్పినా. కళ్ళు తుడుచుకోని, కేకు పంపించమంది.

హైవే వైపు కొట్టు! పెళ్ళివారి పందిట్లో నిలబడి నీ జాబు చదివి గట్టిగా అరిచినా, మేళగాళ్ళు వాయించడం ఆపేసినారు. మంచిదే, అందరికీ చెప్పినా. ఆ పెళ్ళికూతురి నాన్న కొత్త కొట్టు తెరిచే రోజు కేకులకి ఆర్డరు చెప్పినాడు, రాసుకో.

నేను ఒక మీటింగు ఎగ్గొట్టినా. ఇంకో రెండైతే నా పేరు నేనే కొట్టేసుకోవాల. అందుకే పొద్దున బోర్డు కడిగి, అందరికంటే పైన ఒక గడి నా పేరు మీద గీసినా. తేదీ ఖాళీగా పెట్టినా. ఎందుకని కామాక్షయ్య గారు అడగబోయి, రూలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. అది నీకూ నాకూ. ఇంతమందికి రోజు కుదిర్చిన దాన్ని, ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరంలో ఉండే మనిద్దరికీ ఇన్నాళ్ళు ఒక్క పూట కుదర్చలేకపోయినా. ఆదివారం పొద్దున వద్దులే, అది నీది. సుద్దముక్క చేతిలో పట్టుకోని నిలబడి టైపు చేస్తన్నా. చెప్పవే, ఎప్పుడు కలుద్దాం?

సుప్రియ